మాటు

మూడు రాత్రులు వరసగా నా వలలో చేప పోయింది.
పోవడమంటే మొత్తం పోవడం కాదు,
పండుగొప్ప తల మటుకు వల కన్నులో ఇరుక్కుని ఉండేది,
మొండెం ఉండేది కాదు.
తాడు కోసిన గుర్తు లేదు, చింపిన గుర్తుంది.
ఆ తేడా అప్పుడు నా బుర్రకెక్కలేదు.

భైరవపాలెం పాయలో నా రాటలకి
ఇరవై బారల అవతల సంగాడి బుల్లియ్య రాటలు.
నిరుడు జాగా కాడ తగువైంది మాకు.
ఇంకెవరు, వాడే అనుకున్నాను.
అనుకుని ఊరుకున్నానా!
పాట కాడ, కాటా ముందు, ఐసుపెట్టెల మధ్య,
వాళ్ళావిడ గంప దించుకుంటుండగా
"దొంగ చేతులకి పొలుసు అంటదులే" అన్నాను, అందరూ వినేలా.

బుల్లియ్య ఏమీ అనలేదు.
ఖాళీ గంప ఆవిడ నెత్తికెత్తి
చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.
తుడుచుకున్న చోట పొలుసులు మెరిశాయి.

నాలుగో రాత్రి మాటు వేశాను.
దోనెని మడచెట్ల కిందకి దూర్చి,
గెడ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, చుట్ట వెలిగించకుండా.
చుట్ట లేని రాత్రి ఎంత పొడుగో కాల్చేవాడికే ఎరుక.
పాటు మొదలై నీరు జారిపోతోంది.
మడ వేళ్ళు బురదలోంచి లేచి
లెక్కపెట్టడానికి ఎత్తిన చేతివేళ్ళలా నిలబడ్డాయి.
బురదలో ఎక్కడో రొయ్యలు చిటికెలేస్తున్నాయి.
దూరంగా గ్యాసు మంట. ఆకాశం ఆ మూల
అంచు మాడిన అట్టులా ఉంది.

నేను కాచుకున్నది బుల్లియ్య దగ్గు కోసం.
వాడికి పొడిదగ్గు, ఎక్కడున్నా పట్టిస్తుంది.

టప్.
ఆగి, టప్, టప్.
ఎవరో నీటిని వేలితో తట్టినట్టు,
పడుకున్న పిల్లని లేపాలా వద్దా అని తట్టినట్టు.

నా రాట పక్కనే, బురద గట్టు మీద కూచుని ఉంది.
పిల్లి అందామంటే కుక్కంత.
కుక్క అందామంటే ఆ కూచోడం కుక్కది కాదు.
బూడిదరంగు ఒంటి మీద నల్లచుక్కల వరసలు,
ఎవరో సగం కోసేసినట్టు పొట్టి తోక.
బావురుపిల్లి అంటే
బువ్వ తినని రోజు మా నాయనమ్మ పెట్టే బెదిరింపు
అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ముందరి కాలితో నీళ్ళు తడుతోంది,
పురుగు పడిందని చేప పైకి రావాలని.
మా నాన్న గేలం చేతికిచ్చిన రోజు చెప్పింది ఇదే:
నువ్వున్నావని నీటికి తెలియకూడదు,
తిండుందని తెలియాలి.
దీనికెవరు చెప్పారో.

ఉన్నట్టుండి భుజాల దాకా మునిగింది.
లేచేసరికి నోట్లో చిన్న కొయ్యింగ, తోక కొట్టుకుంటూ.
తిని, మూతి నాక్కుని,
తీరిగ్గా నా వల కాడికొచ్చింది
ఖాతా ఉన్న కొట్టుకి వచ్చినట్టు.

గెడ చేతిలోనే ఉంది. విసిరితే తగిలేంత దూరం.
అప్పుడు చూసింది నన్ను.
కళ్ళు పచ్చగా వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగాయి.
పారిపోలేదు.
నన్ను చూస్తూనే పండుగొప్పని మెడ కాడ కొరికి లాగింది,
తల నాకొదిలింది,
మడలోకి నడిచిపోయింది.
ఒక్క ఆకు కదల్లేదు.

ఎంతసేపు కూచున్నానో. పోటు తిరిగింది.
గట్టు మీద దాని అడుగులు
ఒక్కొక్కటే నీటి కిందకి పోతున్నాయి.
సాక్ష్యం పోతోందని అప్పుడు తట్టింది నాకు.
"బుల్లియ్యా! ఓరి బుల్లియ్యా!"
అరిచాను, ఆ పాయంతా వినేలా.

దగ్గుకుంటూ వచ్చాడు, గెడ వేసుకుంటూ.
అప్పటికి ఒక్క జాడే మిగిలింది.
టార్చి వేసి చూశాడు.
"నా వలలోనూ తింటాంది. కార్తీకం కాణ్ణుంచీ."
"మరి చెప్పవేంరా?"
"నువ్వు అడగలేదు. అన్నావు."

అని, దగ్గి, చెయ్యి చాపాడు.
చుట్ట కోసమని తెలియడానికి
నాకు కాస్త టైము పట్టింది.